పెరటికి పారు నీరెవరిది?

వసంతమనగానే చదువుకొన్నవారి మనస్సున రెండు చిత్రములు పొడసూపును. ఒకటి సంస్కృతకావ్యములలోనిది: మావిచిగురు, కోయిల, మలయమారుతము. రెండవది ఆంగ్లగ్రంథములలోనిది: మంచు కరగి, నేల మెత్తబడి, విత్తు చల్లుటకై గృహస్థుడు పార చేతబట్టి తోటలోనికి వచ్చు కాలము. రెండును సత్యములే; కాని రెండును మన యూరివి కావు. హైదరాబాదు నగరమునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి.నగర్ వరకు గల పేటలలో కాపురమున్నవానికి మాఘఫాల్గుణములు తెచ్చునది వేఱొక వసంతము. రాత్రి చలి, పగలు ఎండ, నడుమ చెమ్మలేని పొడిగాలి. సంవత్సరమున కురియు సుమారు 800 మిల్లీమీటర్ల వానలో అధికభాగము జూను మొదలు అక్టోబరు వరకు కురిసి తీరిపోవును. జనవరి, ఫిబ్రవరి నెలలు రెంటను గలిపి సగటున 20 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే పడును. చలియు మనవారనుకొనునంత స్వల్పమైనది కాదు. 1946 జనవరిలో ఈ నగరమున 6.1 డిగ్రీల వరకు దిగినది. నేలలో వేడి చాలక బెండ, బీర, దోస విత్తులు మొలకెత్తుటకు మాఱుగా కుళ్లిపోవును. ఎట్లో మొలకెత్తినవాని లేతయాకులను మధ్యాహ్నపు గాలి త్రాగివేయును.

ఇట్టి కాలముననే మన గృహిణులకును, ఉద్యోగము విరమించిన పెద్దలకును తోటపై మక్కువ హెచ్చును. కారణము లేకపోలేదు. పొద్దుటిపూట మిద్దెపై లేతయెండలో నిలుచుట హాయి. మొక్కలబండివాడు గులాబీలు, పెటూనియాలు, డాలియాలు పేర్చుకొని వీధివీధికి వచ్చి కేకవేయును. బండిపై నున్నంతవఱకు మొక్క కళకళలాడుచుండును. కొన్న పదియవదినమున దాని సంగతి యడుగరాదు. ఏలయన, అది పెరిగిన నర్సరీలో నీడవల కలదు, దినమునకు రెండుసారులు తుంపర కలదు. మన మిద్దెపై రెండును లేవు. అప్పుడు గృహస్థుడు రబ్బరుగొట్టము చేతబట్టును. మా విచారణ ఆ గొట్టమును గూర్చియే.

మిద్దెతోటయను మాట ఈ మధ్యకాలమున తెలుగిండ్లలో మిక్కిలి వాడుకకు వచ్చినది. పురుగుమందులకు వెఱచినవారు తమ కూర తామే పండించుకొందమనుకొనుట మెచ్చదగినదే. మేమును అట్టివారిలో చేరినవారమే. కాని మంచిపనియైనంత మాత్రమున దానిని గూర్చి ప్రశ్న వేయరాదనుట సరికాదు. ఇతరులు త్రాగునీటికై బిందెలు వరుసబెట్టి నిలుచుచున్న యూరిలో, మన కన్నులకింపుగా నుండు పూలమొక్కకు నీరుపోయు హక్కు మనకెట్లు వచ్చినది? సొమ్ము చెల్లించుటచేతనా? ఇల్లు మనదగుటచేతనా? మొక్క జీవమగుటచేతనా? ఈ మూడును వేఱువేఱు సమాధానములు. మనము సాధారణముగా మూటిని కలిపి యొక్కటిగా చెప్పుకొని తృప్తిపడుచున్నాము.

ముందుగా ఈ నేలను గూర్చి కొంత చెప్పవలెను. దిల్‌సుఖ్‌నగర్ ఒకప్పుడు దిల్‌సుఖ్ రాం పర్షాద్ అను జాగీర్దారుని పొలమని చెప్పుదురు. ఎల్.బి.నగర్ అనగా లాల్‌బహదూర్‌నగర్. 2007లో మహానగరపాలకసంస్థలో కలియువఱకు అది వేఱొక పురపాలకసంఘము. కొత్తపేట, చైతన్యపురి, సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్‌లలో వయసు మీఱినవారినడిగినచో, తమ యింటి చోట జొన్నచేనో ద్రాక్షతోటయో ఉండెనని చెప్పుదురు. ఆ తోటలకు మోటబావులు నీరిచ్చెడివి. ఇప్పుడు బావులు పూడినవి; వాని స్థానమున బోర్లు వచ్చినవి. మన క్రిందనున్నది నల్లరాయి. ఆ రాతిలో నీరు చెరువువలె నిలువయుండదు. పైనున్న శిథిలశిలాస్తరమునందును, లోతున రాతిపగుళ్లయందును మాత్రమే దాగియుండును. వాననీరు ఆ పగుళ్లలోనికి దిగవలెనన్న నేల తెఱచియుండవలెను. మనము ఇంటిచుట్టును, వీధియంతయు సిమెంటుతో కప్పితిమి. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణచట్టము ఇంకుడుగుంత త్రవ్వుమని చెప్పుచున్నది. గుంత త్రవ్వినవారున్నారు, గృహపత్రమునందు గుంతను గీచి ఊరకున్నవారు వారికంటె ఎక్కువమంది యున్నారు.

బోరును గూర్చి ఒక్కమాట. మన యావరణలోని బోరు మనదని మనము తలంచుచుందుము. భూమిపై గోడ కలదు గాని భూమిలోపల గోడ లేదు. మన మోటారు మనయింటి క్రింది నీటినే లాగునని రాతిపగులుతో ఒడంబడిక యేదియు లేదు. ప్రక్కవాని బోరు ఎండినప్పుడు మన గులాబి పూసినదన్న, ఆ రెండు సంగతులకును సంబంధము లేదని ప్రమాణము చేయగలవాడెవడు?

ఇక నల్లానీరు. ఈ పేటలకు వచ్చునది చాలవఱకు కృష్ణానది నీరు. నాగార్జునసాగరపు వెనుకజలములను పుట్టంగండివద్ద పైకెత్తి, అక్కంపల్లి జలాశయమున నింపి, కోదండాపురమున శుద్ధిచేసి, మజిలీమజిలీకి యంత్రములతో మఱల పైకెత్తుచు, నూరు కిలోమీటర్లకు పైగా గొట్టములలో నడిపించి, ఎల్.బి.నగర్ చెంతనున్న సాహెబ్‌నగర్ తొట్లకు చేర్చుచున్నారు. ఈ పథకపు మొదటి దశ 2004లో, రెండవది 2008లో వచ్చినవి; తరువాత మూడవదియు చేరినది. సాగరపు పూర్తి నీటిమట్టము 590 అడుగులు, అనగా సుమారు 180 మీటర్లు. మన నగరము సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైబడి యున్నది. కాన ప్రతిబొట్టును 300 మీటర్లకు తక్కువకాకుండ ఎత్తి తెచ్చినదే. వేయిలీటర్లను అంత యెత్తునకు చేర్చుటకు, యంత్రములలో పోవు నష్టమును గూడ కలుపుకొన్నచో, సుమారు ఒక యూనిట్టు విద్యుచ్ఛక్తి పట్టును. ఇది పెద్దమొత్తము కాదు. దీనిని జూపి ఎవరిని భయపెట్టుటయు మా యుద్దేశము కాదు. మేము చెప్పదలచినది మఱొకటి. ఆ గొట్టములు నడచివచ్చు త్రోవ నల్లగొండసీమ. భూగర్భజలములోని ఫ్లోరైడుచే ఎముకలు వంగి, పండ్లు పచ్చబడిన తరములు పుట్టిన సీమ అది. ఫ్లోరైడును తొలగించు ఒక విధానమునకు నల్లగొండ పద్ధతియని లోకమున పేరు నిలిచినది; ఏ జిల్లాయు కోరుకొనదగిన కీర్తి కాదది. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ ఆ గ్రామములకు నదీజలమును చేర్చకమునుపు చాలయేండ్లు, పట్టణమునకు పోవు గొట్టము ప్రక్కనే కొన్నియూళ్లవారు బోరింగునీరు త్రాగిరి. ఆ నీటిలో కొంత మన పెటూనియాలకును పోయబడినది.

మా వీధిలో నాలుగిండ్ల మిద్దెతోటలకు నీరుపోయు ఒక యమ్మ కలదు. ఒకనాడు గొట్టము చుట్టుచు ఆమె మాతో, “సారూ, మీ పూలచెట్లకు దినాం నల్లా వస్తది, మాకు దినం తప్పిచ్చి దినం వస్తది” అన్నది. నిష్ఠురముగా ననలేదు, నవ్వుచునే యన్నది. ఆమె చెప్పిన దానిలో తర్కదోషమేదియు మాకు కనబడలేదు. మన యింటికిని నల్లా దినము విడిచి దినమే వచ్చును. కాని మనకు నేలక్రింద తొట్టి కలదు, మిద్దెపై ట్యాంకు కలదు, చాలనిదినమున పిలిచినంత ట్యాంకరు వచ్చును. కావున మన మొక్కకు నీరు నిత్యము. ఆమె బిడ్డకు మాత్రము వాయిదా.

“మేము సొమ్ము చెల్లించుచున్నాము” అనుట మొదటి సమాధానము. దీనిని కొంచెము లెక్కతో చూతము. ఒక యింటి మిద్దెపై 40 కుండీలున్నవనుకొందము. ఎండ ముదిరిన దినములలో కుండీకి రెండులీటర్లు తప్పవు. దినమునకు 80 లీటర్లు. మాఘము మొదలు వానలు దిగువఱకు 120 దినములనుకొన్నచో 9,600 లీటర్లు. ఇంచుమించు రెండు పెద్దట్యాంకర్లు. 2019లో కేంద్రప్రభుత్వము జలజీవన పథకమును ఆరంభించినప్పుడు గ్రామమున ఒక మనుష్యునకు దినమునకు నిర్ణయించినది 55 లీటర్లు. కాన మన పూలకుండీలు ఒక గ్రామీణునికి ఉద్దేశింపబడిన దానికన్న మిక్కిలిగా త్రాగుచున్నవి. దీనికి వెల యెంత? 2021 జనవరి నుండి నగరమున మీటరుగల గృహములకు నెలకు 20,000 లీటర్లవఱకు వెలలేకుండ నిచ్చు ఏర్పాటు వచ్చినది. బీదయింటికి అది ఉపకారమే. కాని కలవారింట వెల తొలగగానే కొలతయు తొలగినది. వెల యున్నప్పుడైనను సంగతి అంతగా మాఱదు. వెలయనునది మనము ఇవ్వగలమా లేదా యని మాత్రమే యడుగును; ఎదుటివానికి మిగిలినదా లేదా యని యడుగదు.

ఇచ్చట బుద్ధిమంతులు మఱొక యాక్షేపణ తెత్తురు. అది మొదటిదానికంటె బలమైనది. “మేము ఎనుబది లీటర్లు మిగిల్చినచో ఆ నీరు వెనుకకు పాఱి నల్లగొండకు పోవునా? గొట్టము వెనుకకు నడువదు గదా. మా నిగ్రహమువలన ఎవనికిని చుక్కనీరు చేరనప్పుడు అది నిగ్రహమా, వట్టి ఉపవాసమా?” అని. దీనికి సమాధానము మన రైతునకు తెలియును, పట్టణవాసి మఱచినాడు. కాలువ తలవైపునున్న రైతు వరిమడికి కావలసినదానికంటె మిక్కిలిగా నీరు పెట్టుకొన్నప్పుడు, కాలువ చివరనున్నవాని చేను ఎండును. తలవైపువాడు చివరివానిని ఎన్నడును చూడడు. వానిపై ద్వేషమును లేదు. ఐనను ఎండినచేనికి కారణము వాడే. నగరపు నల్లాగొట్టమును కాలువవంటిదే. దానికిని తలయున్నది, చివర యున్నది. సాహెబ్‌నగర్ తొట్టినుండి వచ్చు నీరు పెద్దవీధులలోని పెద్దతొట్లను నింపి, మోటారులు లాగగా మిగిలిన ఒత్తిడితో గుట్టపైని బస్తీలకు ఎక్కవలెను. ట్యాంకరు నింపుకొనునదియు ఆ తొట్లవద్దనే. కాన మనము తీసికొనని నీరు నల్లగొండకు పోకపోవచ్చును. మన యింటినుండి అరమైలు దూరమున నున్న చివరి నల్లాకు పోవును. అంతమాత్రము చాలదా?

“గొప్పవారి పచ్చికమైదానములు త్రాగు నీటియెదుట మా కుండీలెంత?” అనువారును కలరు. వారి మాట నిజమే. ఆ మైదానములను గూర్చి పాలకులనడుగుట మన విధి. కాని దొంగతనము పెద్దదొకటి జరుగుచున్నదని చిన్నదానికి అనుమతి పుట్టదు. దీనిపై ఇంతకంటె చెప్పవలసినది లేదు.

ఇట్లు వ్రాయుచుండగా చదువరులలో కొందఱు మమ్ము తోటలకు శత్రువులమని తలంతురేమో. ఇంకొక కొనకు పోయినవారిని గూడ మేమెఱుగుదుము. నీటికొఱత గల యూరిలో తోటయే వలదని వారి మతము. అది చూపులకు త్యాగమువలె నుండును. లోన కొంత సోమరితనము కలదు. మా తరగతిలో చెట్లవలన లాభములనుగూర్చి రెండుపుటలు వ్రాయగల పిల్లలలో పలువురు మెంతిమొక్కను చూపినచో గుర్తింపలేరు. నీరు ఎంత నెమ్మదిగా మొక్కయగునో, ఒక్క వంకాయకు ఎన్ని చెంబులు పట్టునో కంటితో చూడని బిడ్డ నీటివిలువను పుస్తకమున చదివినంతమాత్రమున నేర్చునా? తోట మానిపించిన యింట పొదుపు పెరుగునన్న నమ్మకమును మాకు లేదు. ఆ నీరు కారు కడుగుటకు పోవును.

మన పెద్దలు తోటనొక విలాసముగా నెంచలేదు. పెరటియరటి ఎవరు నీరుపోయగా పెరిగినది? స్నానపుగది తూమునుండి పాఱిన నీటితో పెరిగినది. గిన్నెలు తోమినచోట చేమ, కంద. బావిగట్టుప్రక్క కరివేప, నిమ్మ. మనుష్యుడు వాడిన నీరు మొక్కకు, మొక్క వదలినది నేలకు. పెరటికై విడిగా నీరు తోడినది తులసికోటకు మాత్రమే, అదియు ఒక్కచెంబు. ఇల్లు భూమిని విడిచి అంతస్తులుగా పైకెక్కినప్పుడు స్నానపునీరు గోడలోని గొట్టమున బడి మురుగుకాలువలోనికి పోయినది, మొక్క మిద్దెపైకి పోయినది. ఆ రెంటికి నడుమనున్న బంధుత్వము తెగినది. తోట విలాసమైనది ఆ దినముననే.

శాకుంతలమును చదివినవారికి మొదటియంకము జ్ఞాపకముండును. దుష్యంతుడు మొదట చూచినది ఆశ్రమకన్యకలు చెట్లకు నీరుపోయుటను. వారి చేతులలోనివి తమతమ యొడలికి తగిన కడవలని కవి గుర్తుపెట్టి చెప్పినాడు. మేము బడిలో ఆ ఘట్టమును చెప్పునప్పుడెల్ల అలంకారమును విడిచి ఈ చిన్నమాటపై నిలుతుము. కడవ యొడలికి తగినది. కాన తోటయు ఆ యొడలు మోయగలిగినంతయే. మోతయే కొలత. శకుంతల అలసినది గనుక ఆమె తోట మితిమీఱలేదు. మోటారు మీటను నొక్కువాడు అలయడు. అందుచే వాని తోటకు ఇంతవఱకని హద్దు తోచదు.

ఇంతవఱకు నీరు చాలదను వైపునుండియే చూచితిమి. నీరు లేకుండుట మొక్కకెల్లప్పుడును కీడేనా? ఇది తోటమాలుల నడుగవలసిన ప్రశ్న. మల్లె పండించువారు పుష్యమాసమునకు ముందు నీరు కట్టి, ఆకు రాల్చనిచ్చి, కొమ్మలు కత్తిరించి, పిదప మాఘమున నీరు విడుతురు. ఆ ఎండపెట్టుటచేతనే చైత్రవైశాఖములలో మొగ్గ విరివిగా వచ్చును. నిమ్మతోటలవారును కాపుకై ఇట్లే నీరాపుదురు. మామిడికి పూతకుముందు నీరు కట్టినచో పూతకు మాఱుగా చిగురు వేయును. రైతు నెత్తి కొట్టుకొనును. మోదుగ మాఘఫాల్గుణములలో ఆకంతయు రాల్చి, ఒంటిపై పచ్చన లేకుండ, నిప్పురవ్వలవలె పూయును. ఈ సీమ చెట్లు ఎండను ఓర్చుటయే కాదు, దానితో బేరమాడ నేర్చినవి. వనస్థలిపురముచెంత మహావీర్ హరిణవనస్థలి కలదు; 1975 నుండి రక్షింపబడుచున్న ఆ యడవిలో కృష్ణజింకలు తిరుగును. ఫాల్గుణమున పోయి చూచినచో గడ్డి పసుపువన్నెగాను, పొదలు బూడిదవన్నెగాను ఉండును. అందలి తుమ్మలు, వేపలు గొట్టపునీటిని నమ్ముకొని పెరిగినవి కావు. ఎల్.బి.నగర్ వాసులు ఆ దారిని పోవుచు “ఎండిపోయిన అడవి” యని జాలిపడుదురు. అది ఎండిపోలేదు, వేచియున్నది. జాలి పడవలసినది, జనవరిలో పచ్చికను నాటి, దానిని ఏప్రిలుదాక పచ్చగా నుంచవలెనని బెంగపెట్టుకొన్న మిద్దెలను చూచి.

కాన తప్పు తోటలో లేదు, ఋతువును ఎరువు తెచ్చుకొనుటలో నున్నది. కొత్తపేటలో పండ్లబజారు ఉన్నన్నాళ్లు, అనగా 2021లో అది బాటసింగారమునకు పోవువఱకు, మన వసంతము లారీలలో వచ్చి దిగెడిది. మామిడి వాసన గాలిలో వచ్చినప్పుడు వేసవి యని దిల్‌సుఖ్‌నగర్ బడిపిల్లలందఱకు తెలియును. అట్టి గుర్తులు పోయినకొలది మనుష్యుడు కాలెండరుబొమ్మలోని వసంతమును ఇంట నెలకొల్పుకొన జూచును.

అట్లని ఇదివఱకే కుండీలో నున్న మొక్క మాటయేమి? ఇచ్చట ధర్మము కొంచెము చిక్కుబడును. నేలలోని వేప తన నీటిని తానే వెదకికొనును. దానికి మనము చేయునది ఉపకారము. కుండీలోని మందారకు వేరు చాచు చోటులేదు. దాని దారిని మూసినవారము మనమే. పంజరములోని చిలుకకు గింజ వేయుట దానము కాదు గదా. కాన తెచ్చిపెట్టిన మొక్కను నీతి పేరున ఎండగట్టుట నీతి కాదు. దానికి నీరు బాకీపడియున్నాము. ఆ బాకీ తెలిసినవాడు కొనునప్పుడే కుండీలనెంచవలెను. వానలు దిగినపిదప, పోషింపలేని మొక్కలను వీధియంచున నేలలో నాటి విడిచిపెట్టుటయు ఒక విడుదలయే.

చేయదగిన పనులు గలవు; అవి కష్టమైనవియు కావు. బియ్యము కడిగిన నీరు, పప్పు కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు ఒక బక్కెట్టులో పట్టినచో, నలుగురున్న యింట పదిపదునైదు కుండీలకు చాలును. త్రాగునీటి శుద్ధియంత్రము ఒక లీటరునిచ్చి రెండుమూడు లీటర్లు పాఱవేయును. ఆ నీటిలో ఉప్పు హెచ్చు, కాన మొక్కలకు ప్రతిదినమును పోయరాదు. గచ్చు కడుగుటకు, గిన్నెల మొదటి తోముడుకు వాడి, ఆ మేరకు మంచినీరు మిగుల్చుకొనవచ్చును. సబ్బునీరు కుండీకి చెఱుపు. నేలలోని అరటి, మెట్టతామర దానిని కొంత యోర్చును. చలిదినములలో నీరు పొద్దుట పోయవలెను, సాయంకాలము పోసినచో రాత్రి చలికి తడిమన్నులోని వేరు కుళ్లును. చాలమంది ఉద్యోగులు సాయంకాలము తీరికయని అప్పుడు పోసి, మొక్క వాడగా నీరు చాలలేదని మరునాడు రెట్టింపు పోయుదురు. మాఘమున మెంతి, పాలకూర, కొత్తిమీర సుఖముగా పెరుగును. బెండకును గోరుచిక్కుడుకును ఫాల్గుణము సగము గడువనిండు. గన్నేరు, నందివర్ధనము, జాజి, కరివేప ఒకపూట తప్పినను అలుగవు.

ఈ కాలముననే వీధులలోని వేపలు, కానుగలు ఆకు రాల్చును. తెల్లవాఱగనే ఊడ్చి, కుప్పజేసి, నిప్పుపెట్టు దురభ్యాసము మన పేటలలో ఇంకను పోలేదు. ఆ పొగను పీల్చుచునే గృహస్థుడు మిద్దెయెక్కి, ఎండకు బీటలువాఱిన కుండీమన్నును చూచి విచారించును. అదే ఆకును రెండంగుళముల మందమున కుండీలో పఱచినచో తడి యెగిరిపోక సగము నీరు తగ్గును. కాల్పని మట్టిపాత్ర కాదు, కాల్చి నునుపుపూయని చిన్నకుండను మొక్కప్రక్కన పాతి నీటితో నింపి మూతపెట్టుట ఇంకొక యుపాయము. కుండగోడ చెమర్చి వేరునకు కావలసినంతయే యిచ్చును. చైనాదేశమున క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దినాటి ఫాన్ షెంగ్-చి వ్యవసాయగ్రంథముననే ఈ పద్ధతి చెప్పబడియున్నది. మన కుమ్మరివీధిలో అట్టి కుండకు గులాబిమొక్కకైన వెల కాదు.

నిర్బంధము వచ్చినపిదప మానుట వేఱు. 2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున మనిషికి దినమునకు 50 లీటర్లని విధించి, పురపాలకపు నీటిని తోటలకు పోయుట నిషేధించిరి. 2024 మార్చిలో బెంగుళూరున త్రాగునీటిని తోటలకును కార్లకును వాడువారికి 5,000 రూపాయల జరిమానా పెట్టిరి. ఆ దినమున అక్కడి గృహస్థులు గొట్టము క్రిందపెట్టుట ధర్మమా, భయమా అని ఎవరును నిర్ణయింపలేరు. మన నగరమునకు అట్టి శాసనము రాకమునుపే ఈ మాట యెత్తుట అందులకే. శాసనము వచ్చినచో ఈ ప్రశ్నను మనమై వేసికొను అవకాశము పోవును.

కడపట నీరుపోయువారి మాట మిగిలినది. తన యింట బిందెలు నిండని స్త్రీచేత మన పూలకు నీరు పోయించుట చట్టమున నేరము కాదు. ఆమెకు జీతమిచ్చుచునే యున్నాము. ఐనను సంస్కారమును గూర్చి మాటలాడుకొను గృహములలో ఇది ఎవరికిని ఎబ్బెట్టుగా తోచకపోవుట మాకు వింతగా నున్నది. బక్కెట్టును గృహస్థుడే మెట్లపై మోసినచో కుండీల సంఖ్య తనంతట తానే సరియైనచోట నిలుచును. ఆమె పని ముగించి పోవునప్పుడు మన తొట్టినుండి ముందు తన బిందెలు నింపుకొని పోవలెనని చెప్పుట రెండవది. ఇట్లు చేయబోయిన ఒకరిద్దఱికి తమ అపార్టుమెంటు సంఘములవారు అడ్డుచెప్పిరని విన్నాము. “ఒకరికిచ్చినచో పదిమంది వత్తురు” అని వారి భయము. పదిమంది వచ్చిననాడు సంఘము కూడి యాలోచింపవచ్చును. ఈనాటికి అడుగుచున్నది ఒక్కతె, రెండు బిందెలు. రెండు బిందెలనగా సుమారు 30 లీటర్లు. పదునైదు కుండీల ఒకనాటి నీరు.